మైపాడులో రేవెందుకు లేదు?

పోయిన నెల మన తీరం గురించి ఒక చిన్న జవాబు ఇచ్చాం. దాని మీదే ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షికంతా సముద్రానికే. దుగరాజపట్నం నుంచి మోటుపల్లి దాకా పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల లెక్కలోనే మాట్లాడుకుందాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వాకాడు వైపు తీరం తిరుపతి జిల్లాకి, మోటుపల్లి బాపట్ల జిల్లాకి వెళ్లాయి. కానీ ఇసుకకీ అలకీ జిల్లా సరిహద్దులు లేవు కాబట్టి అంతా కలిపే చూడాలి.

ప్రశ్న: మైపాడు బీచ్ నెల్లూరుకి పాతిక కిలోమీటర్లే. విశాఖపట్నం, మద్రాసు సముద్రం ఒడ్డునే ఉన్నాయి కదా, మన నెల్లూరు, ఒంగోలు ఎందుకు లోపలే ఉండిపోయాయి? మైపాడులో రేవు ఎందుకు పెరగలేదు?
– డిగ్రీ విద్యార్థి, ఇందుకూరుపేట

జవాబు: దీనికి జవాబు దొరికితే మన తీరం చరిత్ర సగం అర్థమైనట్టే. ముందు ఒక మ్యాపు తీసి చూడండి. పులికాట్ సరస్సు దాటాక పైకి వెళ్లేకొద్దీ తీరం పెద్దగా వంపులు లేకుండా సాఫీగా సాగిపోతుంది. విశాఖలో అలా కాదు, డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంది, దాని చాటున ఓడ నిలబడుతుంది, 1933లో అక్కడ హార్బరు తెరిచారంటే ఆ కొండ పుణ్యం చాలా ఉంది. మనకి ఒడ్డున కొండ లేదు, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన రాయి లేదు. ఉన్నదంతా ఇసుకా, పెన్న తెచ్చిపోసిన ఒండ్రూ.

ఆ ఇసుక ఉన్నచోట ఉండదు, అసలు చిక్కంతా అక్కడుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా ఒడ్డుకి కొడతాయి, కొట్టిన ప్రతిసారీ కాస్త ఇసుకని ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య గాలులు మొదలయ్యాక అదే ఇసుక వెనక్కి, అంటే దక్షిణానికి జరుగుతుంది. ఏడాది మొత్తం లెక్కేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దీనికి రుజువు కావాలంటే మద్రాసు చూడండి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ హార్బరు గోడలు కట్టారు, ఆ గోడలకి దక్షిణంగా ఇసుక ఆగిపోయి ఇవాళ మనం చూసే అంత వెడల్పు మెరీనా బీచ్ తయారైంది, ఉత్తరాన రాయపురం వైపు మాత్రం ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. ఈ తీరంలో ఎక్కడ అడ్డంగా గోడ కట్టినా జరిగేది ఇదే.

ఇక నదుల సంగతి. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 600 కిలోమీటర్ల దాకా నడిచి మన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంత పెద్ద ఏరు కదా, మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, ఓడలు ఆగొచ్చు కదా అనిపిస్తుంది. కానీ పెన్నకి నిండుగా నీళ్లొచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, మిగతా ఏడాదంతా బక్కచిక్కి ఉంటుంది. ఏటిలో తోపుడు తగ్గగానే సముద్రం మొగకి అడ్డంగా ఇసుక పోసేస్తుంది. పోటు ఆటులైనా బలంగా ఉంటే ఆ ఇసుకని కడిగేసేవి, గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర పోటుకీ ఆటుకీ తేడా 10 మీటర్లు కూడా దాటుతుంది, మన దగ్గర చూస్తే మీటరు చుట్టుపక్కలే. కడిగేవాళ్లు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు మొగల్లో ఇసుక పేరుకుంటుంది. పులికాట్ ఉత్తరం వైపు రాయదొరువు ముఖద్వారం తెరిపించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు అర్థమైంది కదా. మొగ మూసుకుపోతే సరస్సులోకి చేప పిల్ల, రొయ్య పిల్ల రావు, ఆ ఊళ్లకి తిండి లేదు.

మరి పాతకాలంలో వ్యాపారం ఎలా జరిగిందంటారా? ఓడలు ఒడ్డుకి వచ్చేవే కావు. మైలు, రెండు మైళ్ల దూరంలో లంగరేసుకునేవి. ఒడ్డు నుంచి సరుకు మోసింది మసులా పడవలు. మేకు అనేదే లేకుండా పలకల్ని కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి కట్టే పడవ అది, అల వచ్చి విసిరికొడితే వంగుతుంది కానీ విరగదు. యూరప్ నుంచి వచ్చిన గట్టి పడవలు ఈ అలల్లో పగిలిపోయేవి, అందుకని ఎంత పెద్ద కంపెనీ అయినా ఆఖరి మైలు దూరానికి మన మత్స్యకారుల చేతుల మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక్క ముక్కలో ముగించేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది. గవర్నర్ల పేర్లన్నీ ఉన్నాయి, పడవ కుట్టినవాడి పేరు ఎక్కడా లేదు.

మీరు అడిగిన అసలు ముక్కకి వస్తాను. రేవు అంటే గోడలూ క్రేన్లూ కాకుండా ఓడలు ఎదురుగా ఆగే ఒడ్డు అయినప్పుడు, దాని పక్కన పెద్ద ఊరు పెరగాల్సిన అవసరం లేదు. ఊరు పెరిగేది పంట పండేచోట, దారులు కలిసేచోట. నెల్లూరు పెన్న దక్షిణపు ఒడ్డున, ఉత్తరానికి పోయే దారి ఏరు దాటేచోట ఉంది, చుట్టూ వరి మాగాణి. తుఫాను ఉప్పెన అంత సులువుగా రాని దూరం కూడా. ఇస్కపల్లి, తుమ్మలపెంట, మైపాడు, జువ్వలదిన్నె, రామాయపట్నం ఇవన్నీ ఒకప్పుడు చిన్న చిన్న రేవులుగా పనిచేసినవే, కాకపోతే ఓడ వచ్చినప్పుడు సందడి, లేనప్పుడు చేపల వేట.

ఒక్క కృష్ణపట్నం వేరు. అక్కడ కండలేరు సముద్రంలో కలిసేచోట లోపలికి చీలిన పాయ ఉంది, పడవలకి చాటు దొరుకుతుంది. తెలుగు చోళుల కాలంలో దాన్ని గండగోపాలపట్నం అన్నట్టు శాసనాలు చెబుతున్నాయి. 2008లో అక్కడే పెద్ద పోర్టు తెరిచారు, ఆ తర్వాత అదానీల చేతికి వెళ్లింది. అక్కడ కూడా ఇసుకని ఎప్పటికప్పుడు తవ్విపోస్తూనే ఉండాలి.

ప్రశ్న: మద్రాసు కంటే ముందు ఇంగ్లీషువాళ్లు మా దుగరాజపట్నంలో కోట కట్టుకున్నారని మా తాతయ్య చెబుతుంటారు. మా స్కూల్లో అడిగితే ఎవరికీ తెలియలేదు. నిజమేనా సార్?
– ఇంటర్ విద్యార్థిని, వాకాడు

జవాబు: మీ తాతయ్యగారు చెప్పింది అక్షరాలా నిజమమ్మా. నిజానికి ఇది మీ స్కూల్లో పాఠంగా ఉండాల్సిన విషయం.

ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వ్యాపార కొఠీ పెట్టింది. అక్కడ గోల్కొండ అధికారులతో గొడవలు, డచ్చివాళ్లతో పోటీ. వేరే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చి 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో దిగారు. ఆ చోటుకి వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్మగాం, తమకి సాయం చేసిన ఆరుముగ మొదలియారు అనే స్థానికుడి పేరు మీద పెట్టారని చెబుతారు. అక్కడ చిన్న కోటలాంటిది కట్టి 12 ఫిరంగులు పెట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు ఫిరంగులు పెట్టి గట్టిగా కట్టుకున్న మొదటి కొఠీ ఇదే. కోల్‌కతాకీ, చెన్నైకీ ముందు, మీ ఊరి పక్కన.

అక్కడే ఎందుకు దిగారన్నదానికి కూడా సముద్రమే జవాబు చెబుతుంది. ఒడ్డుకి కొంత దూరంలో నీళ్ల కింద పొడవాటి ఇసుక తిన్నె ఉంది, దాన్ని నావికులు ఆర్మగాం తిన్నె అంటారు. పెద్ద అలలు ఆ తిన్నె మీద విరిగిపోతాయి కాబట్టి దానికీ ఒడ్డుకీ మధ్య నీళ్లు కాస్త నిలకడగా ఉంటాయి. తర్వాతి కాలంలో దానికి బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు కూడా పెట్టారు. తిన్నె సంగతి తెలియని ఓడకి మాత్రం అది గండమే, ఇవాళ్టికీ అక్కడ లైట్‌హౌస్ వెలుగుతోందంటే కారణం అదే.

మరి ఎందుకు వదిలేసి వెళ్లారు? వాళ్లకి కావాల్సింది బట్ట. అద్దకం బట్టలూ, నేత బట్టలూ తగినంత దొరకలేదు, స్థానిక నాయకుడితోనూ పొసగలేదు. ఆర్మగాం కొఠీ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి వెతికి, మద్రాసుపట్నం దగ్గర బట్ట 20 శాతం చౌకగా దొరుకుతుందని పైవాళ్లకి రాశాడు. 1639 ఆగస్టులో అక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి అనుమతి పట్టా తీసుకున్నాడు. దామెర్లవారు తెలుగువాళ్లే. 1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం కొఠీ అధికారి ఆండ్రూ కోగన్ కలిసి ఆర్మగాం మనుషుల్ని, సామాన్లని తీసుకుని మద్రాసు చేరారు. సెయింట్ జార్జి కోట కథ అక్కడ మొదలైంది. అంటే మద్రాసులో మొదట దిగిన ఇంగ్లీషువాళ్లు మీ దుగరాజపట్నం నుంచి మూటాముల్లే సర్దుకుని వెళ్లినవాళ్లు.

2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద పోర్టు అని రాశారు కదా, అదీ మీకు గుర్తుండాలి. పక్కనే శ్రీహరికోట, పులికాట్ ఉండటంతో అభ్యంతరాలొచ్చాయి, గిట్టుబాటు కాదన్నారు, ఆ పని జరగలేదు. తర్వాత 2022లో రామాయపట్నంలో పోర్టు పనులు మొదలుపెట్టారు. మీ ఊరికి ఇంకో పోర్టు వచ్చినా రాకపోయినా, కనీసం ఆ పాత చోటు గురించి నాలుగు ముక్కలు రాసిన బోర్డు పెట్టమని మీ స్కూలు పిల్లలందరూ కలిసి ఒక అర్జీ రాయండి.

ప్రశ్న: కొత్తపట్నం మాకు ఆదివారం బీచ్‌గానే తెలుసు. అక్కడ ఒకప్పుడు ఓడలు ఆగేవంటారు, నిజంగా పెద్ద రేవేనా? ఇంకా ఏం చరిత్ర ఉందో చెప్పండి.
– బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: కొత్తపట్నం రేవే కానీ చిన్నది. పెద్ద రేవు అంటే అక్కడికి ఉత్తరాన ఉన్న మోటుపల్లి. ముందు దాని గురించి చెప్పాలి, ఎందుకంటే మోటుపల్లికి వెళ్లి చూసేవాళ్లు చాలా తక్కువ.

మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడి శాసనం ఉంది, 1244 నాటిది, అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు ఏం చేసేవాళ్లంటే, గాలివానకి ఓడ దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా లాగేసుకునేవాళ్లు. అప్పటికే ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడి దగ్గర మిగిలింది కూడా లాక్కోవడం అన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణాలకంటే ధనమే ఎక్కువగా భావించి సముద్రం దాటొచ్చే వ్యాపారుల మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాయించాడు. సుంకం కూడా ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, రాగి, మిరియాలు, పోకలు అంటూ దిగే సరుకుల పట్టిక కూడా శాసనంలో ఉంది. ఒక రాజు రాయి మీద రాయించిన మాటల్లో ఇంత మనిషితనం ఉన్నవి నేను చాలా తక్కువ చూశాను. మార్కో పోలో ఈ తీరానికి ముట్ఫిలి అని రాసింది మోటుపల్లినే. వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్ట గురించి రాశాడు. కాకతీయుల తర్వాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా ఇక్కడే వ్యాపారులకి హామీ ఇస్తూ శాసనం వేయించాడు.

ఇప్పుడు వెళ్తే రేవు ఆనవాలు కూడా కనిపించదు. రాజ్యం మారి, వ్యాపారం మచిలీపట్నం వైపు వెళ్లిపోతే ఇసుక మీద ఉన్న రేవుని పట్టి నిలిపేది ఏమీ ఉండదు. గోడ లేదు, కొండ లేదు, వ్యాపారి వెళ్లిపోతే మిగిలేది ఒడ్డు ఒక్కటే.

కొత్తపట్నం తర్వాతి కాలం రేవు. ఒంగోలు దాని వెనకున్న ఊరు. ఒక సంగతి గమనించండి, 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందువల్ల మీరు పాత రికార్డుల్లో కొత్తపట్నం కోసం వెతికితే ఏ ఏడాది కావాలో చూసుకుని ఆ జిల్లా పుస్తకం తీయాలి, లేకపోతే దొరకదు.

ఈ చిన్న రేవులన్నిటినీ దెబ్బతీసింది సముద్రం కాదు, భూమ్మీద వచ్చిన రెండు దారులు. మొదటిది బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పాకుతూ వచ్చి, 1876–78 కరువులో కూలీలకి పని చూపించడానికి చాలా దూరం తవ్వారు, అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువలో కలుస్తుంది. ఉప్పు, కట్టెలు, ధాన్యం అన్నీ పడవల్లో కాలువ మీదే మద్రాసు చేరుతుంటే సముద్రం అలల్లోకి దిగాల్సిన పని తగ్గిపోయింది. ఆ తర్వాత 1899లో మద్రాసు నుంచి బెజవాడకి రైలు కలిసింది, అది కాలువనీ దెబ్బతీసింది. ఒక తరంలో రెండు మార్పులు.

కొత్తపట్నానికి ఇంకో గుర్తింపు ఉంది, బీచ్‌కి వెళ్లే చాలామందికి తెలియదు. 1937 వేసవిలో ఆ ఒడ్డున కాంగ్రెస్ సోషలిస్టులు యువకుల కోసం ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, పోలీసులు లాఠీలతో విద్యార్థుల్ని చెదరగొట్టారు. తర్వాత ఆంధ్ర రాజకీయాల్లో పేరొచ్చిన చాలామంది ఆ పాఠశాలతో సంబంధం ఉన్నవాళ్లే. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు గాలిపటాలు ఎగరేసుకుంటూ ఆ కథ కూడా చెప్పండి.

ప్రశ్న: మా తోటలో దొరువు (ఇసుకలో తవ్వుకున్న లోతు తక్కువ నీళ్ల గుంట) సముద్రానికి అరమైలు కూడా ఉండదు. మా చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. పక్కన బోర్లు వేశాక నాలుగేళ్లుగా ఉప్పగా మారాయి. సముద్రం పక్కన తీపి నీళ్లు ఎలా వచ్చాయి, ఎందుకు పోయాయి?
– వేరుశనగ రైతు, విడవలూరు మండలం

జవాబు: అన్నా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ కదిలించింది మీదే.

మీ దొరువులో నీళ్లు సముద్రం నుంచి వచ్చినవి కావు, వానవి. ఇసుక దిబ్బ మీద పడ్డ వాన పారకుండా నేరుగా కిందికి ఇంకుతుంది. కింద ఉప్పు నీళ్లున్నాయి. ఉప్పు నీళ్లు బరువు, మంచి నీళ్లు తేలిక, కాబట్టి వాన నీళ్లు ఉప్పు నీళ్లలో వెంటనే కలిసిపోకుండా వాటి మీద తేలుతూ నిలబడతాయి. దీని లెక్క నెదర్లాండ్స్ ఇంజనీరు ఘైబెన్ 1888లో, జర్మనీలో హెర్జ్‌బెర్గ్ 1901లో విడివిడిగా తేల్చారు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచి నీళ్లు నిలిస్తే కింద నలభై అడుగుల దాకా మంచి నీళ్లు ఉంటాయి. మీ తాతలు చేతితో తోడుకున్నంత కాలం, వానలు పడుతున్నంత కాలం ఆ నిల్వ తరగలేదు.

ఇప్పుడు అదే లెక్కని తిప్పి చూడండి. మోటారు పెట్టి పైమట్టాన్ని ఒక అడుగు దించితే, కింద ఉప్పు నీళ్లు నలభై అడుగుల దాకా పైకి రావడానికి దారి ఇచ్చినట్టు. లోతు బోరు అయితే నేరుగా ఉప్పులోకే దిగుతుంది. ఒక్కసారి ఉప్పెక్కిన ఇసుకని వానలు కడగాలంటే ఏళ్లు పడుతుంది. పక్కన రొయ్యల గుంటలు కూడా ఉంటే, వాటిలో నిలవ ఉండే ఉప్పు నీళ్లు ఇసుక నేలలో కిందికి దిగుతాయి, అది ఇంకో దెబ్బ. ఇది కొత్త గొడవ కాదు. తొంభైల్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు లేచినప్పుడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకి వెళ్లారు, 1996 డిసెంబరులో కోర్టు తీరం దగ్గర గుంటలు వద్దని తీర్పిచ్చింది, 2005లో పార్లమెంటు చట్టం చేసి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పాటు చేసింది. రొయ్య వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, దాన్ని నేను కాదనను. కానీ ఒకరి గుంట వల్ల పక్కవాడి తాగునీళ్లు పోతే అది న్యాయం కాదు. గుంట రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని మత్స్యశాఖలో అడిగే హక్కు మీకుంది, రాతపూర్వకంగా అడగండి.

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది: లోతుకి పోవద్దు. ఒకే బోరు నుంచి గంటలకొద్దీ తోడే బదులు, లోతు తక్కువ దొరువులు రెండు మూడు దూరం దూరంగా పెట్టుకుని కొంచెం కొంచెంగా తోడండి. వాన నీళ్లు దిబ్బ మీద నుంచి పారిపోకుండా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, దిబ్బని ఎవరికీ అమ్మొద్దు. ఇల్లు కట్టేవాళ్లు ట్రాక్టర్లతో ఇసుక ఎత్తుకుపోతున్నారని మీరు రాశారు. ఆ దిబ్బ ఎత్తే మీ నీళ్ల ఎత్తు. దిబ్బ పోతే దొరువు పోయినట్టే, ఉప్పెన వస్తే అడ్డం కూడా పోయినట్టే. సరుగుడు మొక్కలున్న దిబ్బని కదిలించకుండా ఉంచడం కంటే ఈ తీరంలో గొప్ప ఆస్తి ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: 2004 సునామీలో బకింగ్‌హాం కాలువే మమ్మల్ని కాపాడిందని మా ఊళ్లో అంటారు. అలాగే తుఫాను ఎక్కడ తీరం దాటితే మాకు ప్రమాదం, టీవీలో చెప్పేది విని టెన్షన్ పడటమే తప్ప అర్థం కావట్లేదు.
– కిరాణా కొట్టు యజమాని, కావలి మండలం

జవాబు: కాలువ కొంతవరకు కాపాడిందన్నది నిజం. తీరానికి కిలోమీటరు అటూఇటూ దూరంలో పోతుంది కాబట్టి చాలాచోట్ల లోపలికొచ్చిన నీళ్లు కాలువలోకి పడి దాని వెంట సర్దుకున్నాయి, ఊళ్ల మీదికి పోయేది తగ్గింది. కాలువకి సముద్రం వైపున్న మత్స్యకారుల పల్లెలకి మాత్రం ఆ మేలు అందలేదు. అది కూడా మర్చిపోకూడదు. రాష్ట్రంలో ఆ రోజు పోయిన 100 మందికి పైగా ప్రాణాల్లో ఎక్కువ మత్స్యకారులవే. పూడిపోయిన కాలువ ఈసారి అలా పనిచేయదు.

తుఫాను విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన తుఫాన్లు గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరుగుతాయి, తూర్పు నుంచి ఒడ్డుకి వస్తాయి. కాబట్టి కేంద్రం ఎక్కడ తీరం దాటుతుందో దానికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి భూమ్మీదికి వీస్తుంది, నీళ్లని తోసుకొస్తుంది, ఉప్పెన అక్కడే. దక్షిణాన గాలి భూమి నుంచి సముద్రంలోకి వీస్తుంది, గాలి దెబ్బ, వాన ఉంటాయి కానీ ఉప్పెన తక్కువ. అంటే తుఫాను మైపాడు దగ్గర దాటుతుందంటే కావలి తీరంలో మీరు ఎక్కువ జాగ్రత్త పడాలి. రామాయపట్నానికి పైన దాటుతుందంటే ఉప్పెన భయం మీకు తక్కువ. అయితే ఆఖరి గంటల్లో దారి మారడం మామూలే, ఖాళీ చేయమంటే లెక్కలు వేసుకుంటూ కూర్చోకండి. 1979 మేలో, 1989 నవంబరులో మీ వైపు వచ్చిన తుఫాన్లు పెద్దవాళ్లకి గుర్తుంటాయి, ఏ వీధి దాకా నీళ్లొచ్చాయో అడిగి తెలుసుకోండి. ఊరి గోడ మీద ఆ గీత గీసి పెడితే ఇంకా మంచిది.

ప్రశ్న: కార్తీక పౌర్ణమికి కుటుంబమంతా మైపాడు వెళ్దామనుకుంటున్నాం. ప్రతి ఏడూ ఎవరో కొట్టుకుపోయారని వింటాం. సముద్రం నిజంగా లోపలికి లాగేస్తుందా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: లాగుతుందమ్మా. అల ఒడ్డుకి తెచ్చిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా, ఆ వెనక్కి పోయే నీళ్లన్నీ ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా లోపలికి పోతాయి. అలా పోయేచోట అల విరగదు, నీళ్లు కాస్త నల్లగా, నిశ్శబ్దంగా కనిపిస్తాయి. చూడటానికి అదే సేఫ్‌గా అనిపించి జనం అక్కడే దిగుతారు. నురుగు లేని సందు కనిపిస్తే అక్కడికి అసలు వెళ్లకండి.

పొరపాటున చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఈతొచ్చినవాళ్లు కూడా ఆ ప్రయత్నంలోనే అలిసిపోయి మునుగుతారు. ఆ దారి వెడల్పు తక్కువ, కాబట్టి ఒడ్డుకి సమానంగా ఉత్తరానికో దక్షిణానికో కొంచెం పక్కకి జరిగితే బయటపడతారు, తర్వాత అలలే ఒడ్డుకి తెస్తాయి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దూకొద్దు, తాడో, ఖాళీ క్యానో, ట్యూబో విసరండి.

ఇంకోటి, కార్తీకమంటే ఈశాన్య గాలుల కాలం, సముద్రం పోటు మీదుంటుంది, వాయుగుండం ఉన్న రోజైతే అసలు దిగొద్దు. మోకాలి లోతు చాలు స్నానానికి, పుణ్యం లోతుని బట్టి రాదు. పిల్లల చెయ్యి వదలొద్దు. దిగేముందు ఒడ్డున వలలు సర్దుకుంటున్న మత్స్యకారుల్ని "అన్నా, ఇవాళ ఎక్కడ దిగొచ్చు" అని అడగండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఒడ్డు ఎక్కడ కోసుకుపోయిందో, గుంట ఎక్కడ పడిందో వాళ్లకి తెలుస్తుంది. వద్దన్న చోట దిగకండి.